పాత నంబర్ల దగ్గర కాపలా: ఒక ఇంటి కంప్యూటర్ ఆత్మకథ

ఇంటర్నెట్ లైను మారిన మర్నాటి నుంచి కంప్యూటర్ తెరుచుకోవడానికి ఎక్కువసేపు పడుతోందంటే మా కడపలో ముందుగా వచ్చే మాట "సిస్టమ్ పాతబడింది". తర్వాత "వైరస్ పట్టింది". ఆ తర్వాత "ఫార్మాట్ కొట్టేద్దాం". నేను ఈ ఊళ్ళో ఒక ఇంటి ముందుగదిలో కడప బండల వ్యాపారం లెక్కలు మోస్తున్న డెస్క్‌టాప్‌ని. ఆ మూడు మాటలూ నా మీద పడినవే. నా తరఫున నేను చెప్పుకోవలసింది ఒక్కటే. అలాంటప్పుడు నేను పని చేతకాక ఆలస్యం చేయడం లేదు, ఎవరి జవాబు కోసమో కాచుకుని ఉన్నాను. చేతకాకపోవడానికీ కాచుకోవడానికీ ఉన్న తేడాను నన్ను విప్పకుండానే పట్టుకోవచ్చు. పట్టుకోకపోతే చెడిపోని హార్డ్ డిస్కును మారుస్తారు, పోనక్కర్లేని ఫైళ్ళు పోతాయి.

నన్ను కూర్చిన కాలంలో నెట్ టెలిఫోన్ తీగ మీద వచ్చేది. దాని మోడెం 192.168.1 తో మొదలయ్యే నంబర్లు పంచేది. నా నంబరు, ప్రింటర్ నంబరు, బిల్లులన్నీ దాచే నాస్ పెట్టె నంబరు ఆ వరుసలోవే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగి నెలకు 149 రూపాయల నుంచి కనెక్షన్ ఇస్తామన్న పథకం అది. ప్రైవేటు కంపెనీలూ ఫైబర్ తెచ్చాయి. మా ఇంటికి వచ్చిన లైను ఎవరిదన్నది ఈ వాదానికి అక్కర్లేదు, ఎందుకంటే తప్పు లైనుది కాదు. ఆ లైనుతో వచ్చిన కొత్త రౌటర్ పెట్టె 192.168.29 వరుస నంబర్లు పంచింది, అంతే. ఇళ్ళలో, ఆఫీసుల్లో సొంతానికి వాడుకోవలసిన నంబర్లను 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం మూడు గుంపులుగా కేటాయించింది. వాటిలో ఏ వరుస ఎంచుకోవాలన్నది పెట్టె తయారుచేసినవాళ్ళ ఇష్టం. ఊరి చిరునామాతో పోల్చి చూడండి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయినప్పుడు అందులోకి వెళ్ళిన బనగానపల్లెలో ఏ ఇల్లూ కదలలేదు, కవరు మీద కర్నూలు జిల్లా అని రాసినా పిన్‌కోడ్ పాతదే కాబట్టి ఉత్తరం చేరింది. నంబర్ల లోకంలో ఆ పిన్‌కోడ్ ఆసరా లేదు. పాత వరుసకు రాసింది కొత్త వరుసకు రాదు.

నా లోపల అలా రాసి పెట్టినవి చాలా ఉన్నాయి. జెడ్ డ్రైవ్ అంటే ఫలానా నంబరు దగ్గరున్న నాస్ పెట్టె అని ఒకటి, ప్రింటర్ ఫలానా నంబరులో ఉందని ఇంకొకటి. లాగిన్ కాగానే తెరుచుకోవలసిన లెక్కల సాఫ్ట్‌వేర్ కూడా తన డేటాను ఆ జెడ్ లోనే వెతుకుతుంది. నేను ఆ నంబరుకు పలకరింపు పంపుతాను. జవాబు రాకపోతే 3 సెకన్లు ఆగి మళ్ళీ పంపుతాను, తర్వాత 6 సెకన్లు, తర్వాత 12. విండోస్‌లో చాలాకాలం నడిచిన ఈ లెక్క ప్రకారం ఒక్కొక్క ప్రయత్నానికి 21 సెకన్లు. ప్రోగ్రాములు ఒకదాని తర్వాత ఒకటి అడిగితే నిమిషాలు గడుస్తాయి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది, ఈ బాధకు అసలు మూలం అదే. అడిగిన నంబరు నా వరుసలోదే అయితే అక్కడ ఎవరూ లేరన్న సంగతి త్వరగానే బయటపడుతుంది, ఎందుకంటే వీధిలో కేకేసి అడిగేది నేనే. వరుస మారాక ఆ పాత నంబరు నాకు బయటి ఊరిది అవుతుంది. పలకరింపును కొత్త పెట్టెకు అప్పగిస్తాను, అది కంపెనీ వైపు పంపుతుంది, అక్కడ ఎవరూ కాదనకుండా, ఔననకుండా దాన్ని వదిలేస్తారు. "లేదు" అన్న జవాబు వస్తే ముందుకు పోతాను. ఏ జవాబూ రానప్పుడే గడువంతా ఆగాలి.

ఈ ఆగడం విండోస్ రాకముందే మొదలు కావచ్చు. విండోస్‌కన్నా ముందు నడిచే బయాస్‌లో నెట్‌వర్క్ నుంచి బూట్ కావాలన్న వరుస ముందుంటే, వైరు గుచ్చి ఉండీ నంబరు ఇచ్చేవాళ్ళు లేకపోతే, నల్లటి తెర మీద 4, 8, 16, 32 సెకన్ల చొప్పున మొత్తం నిమిషం పోతుంది. వైరే లేకపోతే "కేబుల్ చూసుకో" అని వెంటనే దాటేస్తుంది. లైను మార్చేటప్పుడు వైరును ఒక స్విచ్‌లోంచి ఇంకోదానికి మార్చడం మామూలే కాబట్టి ఇది ఊహకు అందని సంగతేమీ కాదు. నంబరు అడిగినా ఎవరూ ఇవ్వకపోతే నాకు నేనే 169.254 తో మొదలయ్యే నంబరు పెట్టుకుంటాను. అది కనబడిందంటే కొత్త పెట్టెతో నాకు మాటలే కలవలేదని అర్థం. లినక్స్ యంత్రాల్లో ఇంతకన్నా నిజాయితీ ఉంది, ఫలానా పని కోసం ఒకటిన్నర నిమిషం వరకూ ఆగుతున్నానని తెర మీదే రాస్తాయి.

ఇదంతా నా మాట మీద నమ్మనక్కర్లేదు. పాస్‌వర్డ్ కొట్టాక వాల్‌పేపర్ వచ్చి, నీలి వలయం తిరుగుతూ ఉన్నప్పుడు నా ముందున్న హార్డ్ డిస్కు లైటును చూడండి. డిస్కు అరిగి కష్టపడుతుంటే అది ఆగకుండా మిణుకుతుంది, నేను కాచుకుని ఉంటే దాదాపు ఆరిపోయి ఉంటుంది, ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరుగుతుంది. రెండోది, ఆలస్యం ప్రతిసారీ ఇంచుమించు ఒకే కొలత. అలసటకు అంత కచ్చితమైన కొలత ఉండదు, గడువుకు ఉంటుంది. మూడోది అన్నిటికన్నా గట్టిది. నెట్‌వర్క్ వైరు పీకి, వైఫై ఆపి, రీస్టార్ట్ చేయండి. దారే లేదని తెలిసిన క్షణంలో నేను అడగడం మానేసి తెరుచుకుంటాను. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే చేయాలి, విండోస్ 8 నుంచి షట్‌డౌన్ సగం నిద్రలాంటిది. ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నస్టిక్స్ పెర్ఫార్మెన్స్ కింద 100వ నంబరు ఈవెంట్ చూస్తే బూట్ కాలం మిల్లీసెకన్లలో రెండు భాగాలుగా ఉంటుంది, డెస్క్‌టాప్ వచ్చేవరకు ఒకటి, వచ్చాక స్థిమితపడేవరకు ఇంకొకటి. డ్రైవులు, ప్రింటర్ల కోసం కాచుకునే యంత్రంలో మొదటిది మారదు, రెండోదే ఉబ్బుతుంది.

సీమ ఎండకు, దుమ్ముకు యంత్రాలు మందగించవా అని అడుగుతారు. మందగిస్తాయి, మేలో కర్నూలు, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, నా ఫ్యాన్ రెక్కల మీద పేరుకునే ఎర్రదుమ్ము నాకు తెలుసు. అయితే వేడి వల్ల వచ్చే మందగింపు నేను కాసేపు పని చేశాక వస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు వేసినా అదే ఆలస్యం ఉంటే ఎండను అనడం అన్యాయం. ఓల్టేజీ మాటా అంతే. అది మరీ పడిపోతే ఆరిపోతాను గానీ నెమ్మదించను. వైరు పీకితే బాగుపడింది కాబట్టి కొత్త నెట్టే చెడ్డదన్న వాదన కొంచెం బలమైనదే, కానీ అదే లైను మీద ఫోన్లో వీడియో ఆగకుండా ఆడుతుంటే ఆ వాదన నిలవదు. ఎస్‌ఎస్‌డీ వేస్తే? నా మిగతా పనులన్నీ వేగమవుతాయి, 21 సెకన్లు 21గానే ఉంటాయి. ఇక ఫార్మాట్ కొడితే నిజంగానే బాగవుతుందని చెప్పేవాళ్ళ అనుభవం అబద్ధం కాదు. పాత నంబర్లు కూడా చెరిగిపోతాయి కాబట్టి బాగవుతుంది. నాలుగు గీతలు చెరపడానికి పుస్తకమంతా తగలబెట్టాలా? జవాబు రాకుంటే వెంటనే వదిలేయొచ్చు కదా అంటారేమో, నాస్ పెట్టె అప్పుడే నిద్ర లేస్తూ ఉండవచ్చు, మొదటి పలకరింపు దారిలో జారిపోయి ఉండవచ్చు. ఆ ఓపిక లేకపోతే చిన్న అంతరాయానికే మీ బిల్లుల ఫోల్డర్ కనబడదని చెప్పేస్తాను.

చేయవలసింది కొంచెమే. కమాండ్ తెరలో నెట్ యూజ్ అని కొడితే పాత నంబరుకు కట్టిన డ్రైవులు బయటపడతాయి, వాటిని తీసేసి ఈసారి నాస్ పెట్టె పేరుతో కట్టండి. ఎవరైనా నాకు చేత్తో నంబరు, గేట్‌వే, డీఎన్ఎస్ రాసి ఉంటే ఆటోమేటిక్‌కు మార్చండి. ప్రింటర్‌కు, నాస్ పెట్టెకు కొత్త పెట్టెలోనే మారని నంబరు కేటాయించి, నా ప్రింటర్ పోర్టులో ఆ నంబరు రాయండి. ఇంట్లో యంత్రాలు ఎక్కువుంటే వాటన్నిటినీ ముట్టుకోకుండా కొత్త పెట్టె వరుసనే పాత 192.168.1 కు మార్చడం నాకు నచ్చిన దారి, కంపెనీ ఆ సెట్టింగుకు తాళం వేయకుండా ఉంచితే పది నిమిషాల పని, పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున స్టిక్కర్ మీదే ఉంటుంది. తర్వాత రీస్టార్ట్ చేసి ఈవెంట్ 100లో రెండో అంకె దిగిందో లేదో చూడండి. దిగకపోతే అప్పుడు హార్డ్ డిస్కును అనుమానించండి, ముందు ఫైళ్ళు కాపీ చేసుకుని.