కళింగపట్నం ఓడరేవుకి పడవలో పోవువారికి సూచనలు

భావనపాడు నుంచి కళింగపట్నానికి సముద్రం మీద నైరుతిగా పోతే ముప్పై అయిదు కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. పిరికివాళ్లు రోడ్డు మీద పోతారు. అంత చరిత్ర ఉన్న రేవుకి బస్సులో పోవడమంటే పెళ్లికి వెళ్లి పెరటి గుమ్మంలోంచి దూరడమే. మీరు దర్జాగా పడవలోనే వెళ్లండి.

ముందు ముహూర్తం. అక్టోబరు రెండో వారం దివ్యంగా ఉంటుంది. దసరా సెలవులు కూడా కలిసి రావచ్చు. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరా, 2014లో హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గరా తీరం దాటినవి రెండూ అక్టోబరు 12నే. 2018లో తిత్లీ ఒక రోజు ముందే, 11న తెల్లారకుండానే, పలాస వైపు నుంచి మన శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చేసింది. ఇంత కచ్చితంగా వేళ పాటించే సముద్రాన్ని నిరాశపరచడం మర్యాద కాదు. తిత్లీకి ఉద్దానం కొబ్బరితోటలు నేలకొరిగాయి కాబట్టి నీడలు అడ్డు రాక ఫొటోలు కూడా బాగా వస్తాయి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు చూసి కంగారు పడకండి. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లుంటాయి. పరీక్షలో మార్కుల్లాగే నంబరు పెరిగేకొద్దీ మంచిదనుకోండి. పదో నంబరు మహా ప్రమాదం. పదకొండంటే హెచ్చరించే కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇక మీకు వద్దని చెప్పేవాడే ఉండడు. ఇంతకంటే ఏం కావాలి?

అక్టోబరు కుదరకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 లోపు రండి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులూ ఇంజిన్ బోట్లకు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, సరంగులు వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. "ఊరికే ఉన్నారు కదా, నన్ను ఓసారి తిప్పి తీసుకురండి" అని అడగండి. ఎవరైనా పట్టుకుంటే చిక్కుల్లో పడేది ఆయన బోటు. మీ దగ్గర బోటే లేదు కదా, భయమెందుకు?

రేవు దగ్గర ఒక ముసలాయన ఉంటాడు. ప్రతి రేవులోనూ ఉంటాడు. కళ్లు చికిలించి నీళ్లకేసి చూసి, "ఇయ్యేళ ఒద్దు బాబూ. మొగకాడ కెరటం లెగస్తంది, నీరు బాగోనేదు" అంటాడు. వెంటనే ఫోను తీసి, "మా దాంట్లో ఎండ బొమ్మ ఉందే తాతా" అని చూపించండి. ఆయన ఏమీ అనడు. ఒప్పుకున్నాడనే అర్థం.

ఏరు సముద్రంలో కలిసే ఈ మొగ గురించి ఊరివాళ్లు అతిగా చెబుతారు. నైరుతి గాలి వీచే నెలల్లో కెరటాలు ఈ తీరమంతా ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. దానికడ్డంగా ఎక్కడ గోడ కట్టినా దక్షిణం పక్క ఇసుక పోగుపడుతుంది, ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది. నిన్న లోతుగా ఉన్న చోట ఇవాళ మేట ఉంటుంది. విశాఖపట్నంలో 1933లో రేవు తెరిచినప్పుడు ఈ ఇసుక బాధ పడలేక రెండు పాత ఓడల్ని తెచ్చి ముంచి అడ్డం పెట్టారు. అయినా అక్కడ డ్రెడ్జర్లకు ఇవాళ్టికీ సెలవు లేదు. భావనపాడు పక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న కొత్త ఓడరేవుకి శంకుస్థాపన చేశారు. అక్కడి ఇంజినీర్లు కూడా ఈ ఇసుకతో మాట్లాడుకోవాల్సిందే. ఇవన్నీ వాళ్ల తలనొప్పులు. మీరు మాత్రం సరిగ్గా మొగ దాటేటప్పుడు బోటు కొస మీద లేచి నిలబడి సెల్ఫీ తీసుకోండి. లైఫ్ జాకెట్ చొక్కా రంగుకి నప్పకపోతే విప్పేయండి.

దారి చూడడం సరంగుకి వదలకండి. ఈ తీరపు కుర్రాళ్లు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ దాకా పోయి బోట్ల మీద పనిచేస్తారు. అక్కణ్నుంచి వేటకి వెళ్లి పాకిస్తాన్ వాళ్లకి 2018లో చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. రెండు సముద్రాలు చూసినవాళ్లకి ముప్పై అయిదు కిలోమీటర్ల దారి ఏం తెలుస్తుంది? సరంగు మాటిమాటికీ వెనక్కి తిరిగి కొండలకేసి చూస్తుంటాడు. భావనపాడుకి దాదాపు సూటిగా ఉత్తరాన మహేంద్రగిరి, 1,501 మీటర్ల ఎత్తు. గాలి తేటగా ఉంటే ఆ కొండే దిక్సూచి. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, అదే దాని లోపం. మీ ఫోను మ్యాపులో సముద్రమంతా ఒకటే నీలం, ఇసుకమేట ఒక్కటీ ఉండదు. హాయిగా దాన్నే నమ్మండి.

ఇక చేరుకోవడం. ఓడరేవు అనగానే జెట్టీ, మెట్లు, బల్ల, పక్కన టీకొట్టు ఊహించుకుని తెల్లప్యాంటు, తోలు చెప్పులు వేసుకోండి. కళింగపట్నం తెరిపి రేవు. ఓడని దాచుకునే గోడ ఏనాడూ లేదు. స్టీమర్లు దూరంగా లంగరేసేవి. ఓడకీ ఒడ్డుకీ మధ్య మనిషినీ మూటనీ మోసింది కుట్టుపడవ. మేకు అన్నది లేకుండా బల్లల్ని కొబ్బరితాడుతో కుట్టేవాళ్లు. కెరటం కొడితే ఆ పడవ వంగేది, మళ్లీ సర్దుకునేది. మేకులు దిగ్గొట్టిన దొరల పడవలు అదే దెబ్బకి విచ్చిపోయేవి. జిల్లా కలెక్టరైనా, రంగం (రంగూన్) పోయే కూలీ అయినా ఈ తీరపు రేవుల్లో ఓడెక్కాలంటే ఆ కుట్టుపడవలోనే కూర్చోవాలి, ఏ కెరటం వెనక తెడ్డు వేయాలో పడవవాడు చెప్పిందాకా నోరు మూసుకోవాలి. చరిత్ర పుస్తకాల్లో రేవుకి రాజుల పేర్లుంటాయి గానీ పడవవాళ్ల పేర్లుండవు. మీరూ మీ సరంగు పేరు అడక్కండి. "ఏయ్" అంటే పలుకుతాడు.

1890లలో వేసిన రైలు ఆమదాలవలస, తిలారు, నౌపడ మీదుగా పోయింది. కళింగపట్నం వైపు తొంగి కూడా చూడలేదు. సరుకు రైలెక్కేసింది. అందుచేత ఊళ్లో "మహానగరం ఎక్కడ?" అని గట్టిగా వెతకండి. లైట్‌హౌసు, వంశధార మొగ, ఇసుక చూసి "ఇంతేనా" అని మూతి విరవండి.

శాలిహుండం మాత్రం పోవద్దు. నాలుగడుగులు లోపలికి, వంశధార ఒడ్డున గుట్ట మీద స్తూపాలు, చైత్యాల ఇటుక పునాదులున్నాయి. 1919లో గిడుగు రామమూర్తిగారు బయటి ప్రపంచానికి చూపించారు. సవరల భాష వెంట తిరిగిన మనిషి ఇటుకల దగ్గర కూడా ఆగాడంటే ఆయనకి తీరిక ఎక్కువై ఉండాలి. ఆ గుట్టెక్కితే కింద నది, అది పోయే దారి కనిపిస్తాయి. బేహారులు, భిక్షువులు ఈ చోటే ఎందుకు పట్టుకున్నారో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. అప్పుడు గైడుకి డబ్బులెందుకిచ్చామా అని బాధ.

తిరుగు ప్రయాణం సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. వేటగాళ్లు తెల్లారకుండా పోయి ఎండ ముదిరేలోపు ఒడ్డున పడతారు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తుందని వాళ్ల అనుమానం. ఆ గాలి కోసమే కదా మీరు డబ్బు పెట్టి వచ్చింది! బయల్దేరేముందు పులావు దండిగా తినండి.

కిరాయి మాత్రం ఒడ్డున తేల్చుకోకండి, మొహమాటాలొస్తాయి. ఏ దిక్కునా ఒడ్డు కనపడని చోటికి చేరాక, ఉదయం అనుకున్నదాంట్లో సగమే ఇస్తానని చెప్పండి. సరంగు ఇంజిన్ ఆపి, బీడీ ముట్టించి, తీరిగ్గా మీ వైపు తిరిగి, "సెప్పండి బాబూ, ఎంతన్నారు?" అంటాడు.