వెనుక గోడ మీద వెలుగు బొమ్మ: సటీకా తాత్పర్యం

అవతారిక

వేర్వేరు చోట్ల పుట్టిన వీరుల్ని ఒకే బరిలోకి దించి కొట్టుకోమనడం తెలుగువాడికి వింతేమీ కాదు. గయుడి నెపం మీద కృష్ణార్జునులకే తగువు పెట్టినవాళ్లం. 1963లో ఎన్టీఆర్‌నీ ఏఎన్నార్‌నీ ఎదురెదురుగా నిలబెట్టి కె.వి.రెడ్డి ఆ తగువును తెరకెక్కిస్తే టిక్కెట్లు కొని మరీ చూశాం. అదే పని జపాన్‌వాళ్లు వీడియో గేమ్‌లో చేశారు. దాని పేరు సూపర్ స్మాష్ బ్రదర్స్. మొదటిది 1999లో నింటెండో 64 మీద 12 మంది యోధులతో వచ్చింది. ఇక్కడ ప్రధానంగా టీకకు తీసుకున్నది 2018 డిసెంబరు 7న స్విచ్ మీద విడుదలైన 'అల్టిమేట్'. కర్త మసాహిరో సకురాయ్. యోధులు 80 మందికి పైమాటే, స్టేజీలు వంద దాటాయి. యోధుల గుణగణాల మీద చర్చ ఎడతెగకుండా సాగుతూనే ఉంది. వాళ్ల వెనకున్న గోడల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ తొందరే.

మెదక్ ప్రాంతపు కొలచాల మల్లినాథ సూరి కాళిదాసుకు టీక రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడు అందులో మొదటి సగానికి కట్టుబడి ఉంటాడు.

మూలం

కాలు చేయి కలసి కలియబడిన వేళ
వెనుక గోడ మీద వెలుగు బొమ్మ
చూడ తీరికున్న చూపరి యెవడన్న
ఓడిపోయినట్టి యోధుడొకడె

(పద్యమూ టీకాకారుడిదే. కవి వేరే ఉంటే 'నేనలా అనలేదు' అని అడ్డుపడతాడన్న భయంతో ఈ ఏర్పాటు.)

ప్రతిపదార్థం

కాలు చేయి కలసి = మారియో కాలూ డాంకీ కాంగ్ చెయ్యీ ఎవరిదేదో తెలియనంతగా పెనవేసుకుని; కలియబడిన వేళ = ఒకరినొకరు తెర అవతలికి గెంటుకునే సమయాన (ఈ ఆటలో ప్రాణం తరగదు, దెబ్బల శాతం పెరుగుతుంది; శాతం పెరిగినకొద్దీ తగిలిన దెబ్బకు దూరం ఎగిరిపడతారు); వెనుక గోడ మీద = స్టేజి అనబడే బరి మీదా దాని వెనకా; వెలుగు బొమ్మ = ఏదో పాత ఆటలోంచి వచ్చి చప్పుడు చేయకుండా కూర్చున్న గుర్తు; చూడ తీరికున్న చూపరి యెవడన్న = దాన్ని నింపాదిగా చూసేవాడెవడయ్యా అని అడిగితే; ఓడిపోయినట్టి యోధుడొకడె = అందరికన్నా ముందు తెర దాటి పడి, కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడొక్కడే.

తాత్పర్యం

ఆడుతున్నంతసేపూ కాలి కింద నేల ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆ నేలను ఎక్కడి నుంచి తవ్వి తెచ్చారో బయటపడ్డాక గానీ కనిపించదు.

విశేషాలు

'వెనుక గోడ' అనడంలో ముందుగా సుజాకు కోట గుర్తుకు రావాలి. 2015లో ర్యూ ఈ పోరులోకి అడుగుపెట్టినప్పుడు తన వెంట తెచ్చుకున్న స్టేజి అది. అసలు ఊరు 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2. అక్కడ ఆ కోట పైకప్పు మీద ఒక బల్ల ఉంటుంది. దాని మీద నాలుగు అక్షరాలు: గాలి, అడవి, నిప్పు, కొండ. ఆట పోరగాళ్లకు అది చిత్రలిపి, మనకు మరీనూ. ఆ నాలుగూ 16వ శతాబ్దపు జపాన్ సేనాని తకెదా షింగెన్ యుద్ధ పతాకం మీదివి. షింగెన్ వాటిని తీసుకున్నది చైనా యుద్ధశాస్త్రవేత్త సున్ జు గ్రంథం నుంచి. సైన్యం ఎప్పుడెలా నడవాలో చెప్పే ఉపమానాలవి. అంటే గ్రంథంలోంచి జెండా మీదికి, జెండా మీంచి బల్ల మీదికి, ఆ బల్ల ఉన్న ఆటలోంచి కోట మొత్తం ఇంకో ఆటలోకి. వ్యాఖ్యకు వ్యాఖ్య, దానికి టిప్పణి. ఇంతా చేస్తే స్ట్రీట్ ఫైటర్‌లో ఆ బల్ల ప్రయోజనం ఏమిటంటే, ఎవడైనా దాని మీద పడితే విరగడం.

'బొమ్మ' అన్న మాటకు అసలైన లక్ష్యం సాఫ్రన్ సిటీ. 1999 నాటి మొదటి ఆటలోనే ఉన్న స్టేజి ఇది. పోకేమాన్ కథల్లోని సిల్ఫ్ కంపెనీ భవనం మీద పోరు. పక్కన ఒక తలుపు. అది ఉన్నట్టుండి తెరుచుకుంటుంది, లోపలి నుంచి ఒక పోకేమాన్ వచ్చి దగ్గరున్నవాణ్ని ఒక్కటిచ్చి పోతుంది. అలా వచ్చేవాటిలో గులాబీ, నీలం రంగుల్లో పలకలు పలకలుగా ఉండేది పోరిగన్. ఇక్కడ కొంచెం ఆగాలి.

1997 డిసెంబరు 16న జపాన్‌లో ప్రసారమైన పోకేమాన్ టీవీ సీరియల్ కథలో పోరిగన్ ప్రధాన పాత్ర. ఆ కథ చివర్లో ఎరుపు, నీలం వెలుగులు గబగబా మిణుకుమిణుకుమన్నాయి. అవి చూసి వందలాది మంది పిల్లలు ఆస్పత్రుల పాలయ్యారు. సీరియల్ కొన్ని నెలలు ఆగిపోయింది, ఆ కథను మళ్లీ ప్రసారం చేయలేదు. నిజానికి ఆ వెలుగులు పుట్టింది సీరియల్ నాయకుడైన పోకేమాన్ పికాచు పిడుగుకు క్షిపణులు పేలినందువల్ల. నింద మాత్రం పోరిగన్ నెత్తిన పడింది. తర్వాత ఆ సీరియల్‌లో దానికి చెప్పుకోదగ్గ వేషం దొరకలేదు. ఈ సంగతి జరిగి ఏడాది దాటిందో లేదో, స్మాష్ తలుపు చాటున పోరిగన్ ప్రత్యక్షం! అదే మేడ మీద ఎదుట నిలిచిన యోధుల్లో పికాచు ఒకడు. అసలు దోషి నాయకుడి వేషంలో గెంతుతుంటే, నిందపడ్డవాడు తలుపు సందులోంచి వచ్చి కాస్త తోసి వెళ్తున్నాడు. కర్త ఇంత తలచి పెట్టాడా అని అడగకూడదు. ధ్వని పుట్టాక కర్తను సాక్ష్యానికి పిలిచే ఆచారం మన శాస్త్రంలో లేదు.

పాఠాంతర విచారం

'75 మీటర్లు' అనే స్టేజి 1981 నాటి డాంకీ కాంగ్‌లోది. అందులో నాలుగు తెరలు: 25, 50, 75, 100 మీటర్లు. రెండేళ్ల తర్వాత ఇంట్లో ఆడుకునే ఫామికామ్ ప్రతిలో 50 మీటర్ల తెర లుప్తమైంది. తాటాకు గ్రంథాలకు చెదలు పట్టినట్టు ఆట గ్రంథాలకు చోటు చాలకపోవడం అనే వ్యాధి ఉండేది. 75 మాత్రం భద్రంగా బతికి 2008లో స్మాష్‌లోకి వచ్చింది, దూలాలూ నిచ్చెనలూ ఎగిరే స్ప్రింగులతో సహా. మూలానికి ఇంత విధేయత పనికిరాదని మా అభిప్రాయం. కొట్లాటకు జాగా కన్నా నిచ్చెనలే ఎక్కువ. పురాతత్వ శాఖవారి పునరుద్ధరణలా ఉంది, అందంగానూ నిరుపయోగంగానూ.

దీనికి జంట న్యూ డాంక్ సిటీ హాల్. 1981లో గొరిల్లా ఎత్తుకుపోయిన అమ్మాయి పేరు పౌలీన్. 2017 నాటి సూపర్ మారియో ఒడిస్సీలో ఆమె ఒక మహానగరానికి మేయర్. ఊరి పేరులోనే డాంకీ కాంగ్ ముక్క ఉంది. అక్కడి ట్యాక్సీల నంబరు ప్లేట్ల మీద 1981 అని ఉంటుంది. స్మాష్‌లో ఆ నగర సభాభవనం మీద పోరు జరుగుతుండగా వాద్యగాళ్లు అక్కడక్కడా నిలబడి ఉంటారు. తాకితే ఒక్కొక్కరూ పాటలో కలుస్తారు. 'జంప్ అప్, సూపర్ స్టార్' పాట పెట్టి చూడండి, మేయరమ్మ స్వయంగా వచ్చి పాడుతుంది. ఇప్పుడు యోధుడిగా డాంకీ కాంగ్‌ను ఎంచుకోండి. 1981లో తనను ఎత్తుకెళ్లిన గొరిల్లా పేరే మోస్తున్నవాడు ఎదురుగా గుండెలు బాదుకుంటున్నా ఆవిడ శ్రుతి తప్పదు. వీరానికీ హాస్యానికీ మధ్య ఇది ఏ రసమో నిర్ణయించే పని పెద్దలకు వదిలేస్తున్నాం.

ధ్వని, అలంకారం

గుర్తులన్నీ ఒక జాతివి కావు. కొన్ని ఊరికే కనిపిస్తాయి. డ్రాకులా కోట స్టేజి వెనక మెడూసా, మమ్మీ, తోడేలు మనిషి వరసగా వచ్చి పోతుంటారు. బాగున్నారు, నమస్కారం పెట్టి ముందుకు పోవచ్చు. అది అలంకారం. అక్కడే ఉన్న కొవ్వొత్తుల సంగతి వేరు. 1986 నాటి కాసిల్‌వేనియాలో కొవ్వొత్తిని కొరడాతో కొడితే ఏదో ఒకటి రాలేది. ఇక్కడా కొడితే రాలుతుంది. పాత ఆట తన రూపంతో పాటు నియమాన్ని కూడా వెంట తెచ్చుకుంటే అది ధ్వని. చూసినవాడికే కాదు, తెలియక తగిలినవాడికీ అది పనిచేస్తుంది. వైలీ కోటలోని పసుపు రాక్షసుడు ఒంటిని ముక్కలుగా విసురుతూ 1987 నాటి మెగామ్యాన్‌లో ఏడిపించినట్టే అల్టిమేట్‌కు ముందటి స్మాష్‌లోనూ ఏడిపించాడు.

ఈ కొలతకు అన్నిటికన్నా బాగా సరిపోయేది బెలూన్ ఫైట్ స్టేజి. తెరకు ఎడమ అంచు దాటితే కుడి అంచున తేలతారు. నీళ్ల దగ్గర ఏమరుపాటుగా ఉంటే చేప లేచి నోట కరుచుకుంటుంది. రెండూ పాత ఆట నియమాలే. 90లలో టీవీ గేమ్ పెట్టెల్లో నకిలీ క్యాసెట్లు పెట్టుకుని ఆడిన తెలుగు పిల్లలకు ఈ చేప ఎరుకే. పేరు తెలియకపోయినా కాటు గుర్తుండే ఉంటుంది. ఫామికామ్ మీద ఆ ఆటకు ప్రోగ్రాం రాసినవాడు సతోరు ఇవాతా, 2002 నుంచి 2015లో చనిపోయేదాకా నింటెండో అధ్యక్షుడు. అతనికీ స్మాష్‌కూ చుట్టరికం ఇంకా లోతుది. హాల్ లాబొరేటరీ అనే ఆటల కంపెనీలో ఉన్న రోజుల్లో సకురాయ్ ఊహకు ప్రోగ్రాం రాసి, మొదటి నమూనాను ఆడేలా చేసింది ఇవాతాయే. వారమంతా వేరే పనులు, శని ఆదివారాల్లో ఇది. ఆ నమూనాలో మారియో లేడు, పికాచు లేడు. పేరు 'ర్యూవో'. యమనాషిలో హాల్ కార్యాలయం ఉన్న ఊరి పేరే అది. యోధుల వెనక పెట్టింది కూడా ఆ ఊరి ఫొటోయే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. యోధులకు ఇంకా ముఖం రాలేదు, గోడ మీద మాత్రం సొంత ఊరు ఎక్కేసింది. వంద దాటిన స్టేజీలకు ఆదిప్రతి ఆ ఫొటో. తర్వాతివి గొప్పవి కావచ్చుగానీ, మా ఓటు దానికే.

పూర్వపక్షం

'ఇదంతా చాదస్తం. పోటీల్లో ఈ తలుపులూ చేపలూ ఉండవు. స్టేజి హజార్డ్స్ అనే మీట ఆఫ్ చేస్తే పోరిగన్ రాదు. ఒమేగా రూపం ఎంచుకుంటే ఏ స్టేజైనా చదునైన ఒకే అరుగవుతుంది. ఇక మీ ధ్వని ఎక్కడ?' అని మేటి ఆటగాళ్ల ఆక్షేపణ.

సిద్ధాంతం

నిజమే. బహుమతి సొమ్ము ఉన్నచోట గెలుపోటములు తలుపు చాటు జీవి తేల్చడం న్యాయం కాదు. పండిత సభలో చదునైన అరుగే ఉండనివ్వండి. అయితే ఒమేగాలో మిగిలేది వెనకటి బొమ్మ ఒక్కటే. అంటే అలంకారాన్ని ఉంచుకుని ధ్వనిని తీసేశారు. కావ్యాన్ని అలా సంగ్రహించే గైడు పుస్తకాలు మనకూ ఉన్నాయి. వాటితో పరీక్ష పాసవుతారు, అందులో సందేహం లేదు. ఇంట్లో నలుగురు కూర్చున్నప్పుడు మాత్రం ఆ మీట ఆన్‌లోనే ఉంచాలని మా నిర్ణయం.

పద్యంలో మూడో పాదం చివరా నాలుగో పాదం మొదటా విసంధి ఉందని వైయాకరణులు అంటారు. అక్కడ యోధుడు తెర దాటి పడ్డాడు, ఆ ఖాళీ అదే.

ఈ టీకకు అందని గోడలు ఇంకా ఎన్నో మిగిలాయి. త్వరగా ఓడిపోయే అలవాటున్న పాఠక మహాశయులు వాటిని పూరించవలసిందిగా మనవి.