పొద్దు చూసి కాడి దించేవాళ్ళం

ఎండ నడినెత్తికొచ్చాక ఎడ్ల మెడ మీద కాడి ఉంచడం మా రోజుల్లో తప్పు. దారిన పోయే ముసలమ్మ కూడా ఆగి అడిగేది: "ఏరా, గొడ్డు నాలుక బయట పెడితేగానీ కాడి దించవా?" ఎంత మోతుబరి రైతయినా ఆ మాటకి ఎదురు చెప్పేవాడు కాదు, తలొంచుకుని కాడి దించేవాడు. ఇప్పుడు మా విస్సన్నపేట చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల బండలాగుడు పెట్టినా, ఉదయం ఎనిమిదింటికి ప్రారంభమని కరపత్రం వేస్తారు, మొదటి జత బరిలోకొచ్చేసరికి పదకొండవుతుంది. అతిథి రావాలి, శాలువాలు కప్పాలి, దాతల పేర్లు మైకులో రెండుసార్లు చదవాలి. ఈలోగా పొద్దెక్కిపోతుంది. సంక్రాంతి పందెమైతే పోనీలే అనుకోవచ్చు. ఇప్పుడు పందేలు సంక్రాంతితో ఆగడం లేదు. శివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి దాటి, మామిడికాయ కోతకొచ్చే దాకా సాగుతున్నాయి. ఆ రోజుల్లో మా మెట్టన పదకొండు గంటల ఎండలో మనిషే నిలబడలేడు.

ఈ పందెం ఎప్పుడూ చూడనివాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. బరికి ఆ చివరొక గీత, ఈ చివరొక గీత. జతకి కాడి కట్టి, గొలుసుతో బండ తగిలిస్తారు. ఆ గీత దాకా లాగి, బండను మళ్ళించుకుని ఈ గీతకి రావాలి, మళ్ళీ వెళ్ళాలి, మళ్ళీ రావాలి. పెద్ద పందేల్లో ఎక్కువగా 20 నిమిషాల గడువు. గడువు తీరేసరికి ఎన్ని రౌండ్లు తిరిగి, మొత్తం ఎన్ని అడుగులు లాగాయో కొలిచి ప్రైజులిస్తారు. గిత్తల వయసు పళ్ళను బట్టి చూస్తారు. పాల పళ్ళవి ఒక విభాగం, రెండు పళ్ళవి ఒకటి, నాలుగు, ఆరు, ఆ పైన సీనియర్లు. పళ్ళు పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది.

మొదటి రెండు రౌండ్లు ఉరికే జతని చూసి కుర్రాళ్ళు ఈలలేస్తారు. ఎడ్ల సంగతి తెలిసినవాడు మొదటి రౌండ్ల మీద కన్నెయ్యడు. సగం గడువు దాటాక మలుపు దగ్గరికెళ్ళి నిలబడతాడు. తిరిగేటప్పుడు దాపటెద్దు అడుగు తడబడుతోందా, వలపటిది కాడిని ముందుకు తోసుకుపోయి జోడుని ఈడుస్తోందా, డొక్కలు ఎంత వేగంగా ఎగిసిపడుతున్నాయి, ఇవీ అతను చూసేవి. పందెం గెలిచేది అక్కడ. మా నాన్న ఎడ్లని కొనేటప్పుడు కూడా నడిపించి, తిప్పి చూసేవాడు. పరుగెత్తించి చూసే బేరగాడి దగ్గర కొనేవాడు కాదు.

రౌండ్ల మాటొస్తే మా పెద్ద మనవడు గుర్తొస్తాడు. వాడు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటాడు. మేం ఇక్కడ మామిడి తోటల్లో రసాలు, బంగినపల్లి కోస్తుంటే, వాడు అరపహో బేసిన్ అనే కొండ మీద మంచులో స్కీలు వేసుకుని జారుతుంటాడు. ఆ కొండ అడుగుభాగమే సముద్రమట్టానికి 10,780 అడుగుల ఎత్తున ఉంది, లిఫ్టు దిగి ఇంకా నడిచి ఎక్కితే చేరే కొన 13,050 అడుగులు. అంత ఎత్తు కాబట్టి మిగతాచోట్ల మంచు కరిగిపోయినా అక్కడ చాలా ఏళ్ళు జూన్ దాకా జారుతూనే ఉంటారు. సీజను చివర్లో, పొద్దున మొదలుపెట్టి ఎన్ని రౌండ్లు వేయగలమని పంతాలు పెట్టుకుంటారట.

మొదట విన్నప్పుడు నాకు నచ్చలేదు. కుర్చీలో కూచోబెట్టి కొండెక్కిస్తే కిందికి జారడం ఏం దమ్మని అడిగాను. "తాతయ్యా, జారడమూ కాళ్ళతోనే. నువ్వొకసారి దిగి చూడు, తొడలు మండిపోతాయి," అన్నాడు. అదే కొలరాడోలో ఆస్పెన్ కొండ మీద 1980ల చివర్లో మొదలై కొన్నేళ్ళు 24 గంటల పందెం నడిచిందట. ఇద్దరిద్దరు జతగా, లిఫ్టులో పైకి, స్కీల మీద కిందికి, పగలూ రాత్రీ ఆగకుండా. జత అనగానే నేను చెవి పెట్టి విన్నాను, ఒప్పుకుంటాను. ఇద్దరిలో ఒకడు కూలబడితే రెండోవాడి దమ్ముకి విలువ లేదు. కాడి కట్టిన ఎడ్లకీ అదే న్యాయం. అయినా నా గౌరవం కొండని తమ కాళ్ళతో ఎక్కేవాళ్ళకే. స్కీల అడుగున పట్టీలు అంటించుకుని నడిచి ఎక్కేవాళ్ళు కూడా ఉన్నారట. 1924లో ఎవరెస్టు మీద కనిపించకుండా పోయిన జార్జ్ మలరీ మనవడు, ఆయన పేరూ జార్జ్ మలరీయే, 1994లో ఆస్ట్రేలియాలో డోనా బువాంగ్ అనే ఒకే కొండని సైకిల్ మీద పదేపదే ఎక్కి, ఎక్కిన ఎత్తంతా కలిపి ఎవరెస్టు ఎత్తుకి లెక్క తేల్చాడు. 8,848 మీటర్లు! ఇప్పుడు లోకమంతా ఆ పంతం పడుతోంది. అది రౌండంటే.

నా మనసులో నాటుకున్నది మాత్రం మనవడు చెప్పిన ఇంకో సంగతి. సీజను చివరి మంచు రాత్రి గడ్డకడుతుంది. తెల్లారగట్ల స్కీ అంచు కూడా దిగనంత గట్టిగా ఉంటుంది, అప్పుడు దిగినవాడు పడతాడు. పొద్దెక్కేకొద్దీ పై పొర మొక్కజొన్న గింజంత ముక్కలుగా విడుతుంది. అదే జారడానికి మంచి అదును. తూర్పు వాలు ముందు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం వాలు, ఆఖర్న పడమటి వాలు. తెలిసినవాళ్ళు పొద్దుతోపాటు వాలు మారుతూ పోతారు. మధ్యాహ్నానికి మంచు నీళ్ళోడి, పెళ్ళలు పెళ్ళలుగా కిందికి జారే ప్రమాదం వస్తుంది. కొండని కనిపెట్టుకుని ఉండే మనుషులు ఆ వాలుకి తాడు కట్టి మూసేస్తారు. డబ్బు కట్టి టికెట్టు కొన్నానని గోల పెట్టినా తాడు విప్పరు. ఎంత పెద్దమనిషి కోసమైనా ఆగరు.

విన్నాక నాకు కోపమొచ్చింది, మంచు దేశం వాళ్ళ మీద కాదు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన మనం పొద్దు చూడటం మరిచిపోయామే అని.

మా రోజుల్లో వేసవి పనంతా పొద్దుని బట్టే. మామిడికాయల బండ్లు నూజివీడుకి పగలు తోలేవాళ్ళం కాదు. గంపల్లో వరిగడ్డి పరిచి, కాయ సర్ది, పొద్దుగూకాక బండి కట్టేవాళ్ళం. బండి కింద లాంతరు వేలాడేది. రాత్రంతా ఎడ్లు వాటి నడకన అవి నడిస్తే తెల్లారేసరికి నూజివీడు. పగలంతా అక్కడే చెట్టు కింద మేత, నీళ్ళు, నిద్ర. మళ్ళీ చీకటి పడ్డాకే తిరుగు ప్రయాణం. వేసవి దుక్కికైతే కోడి కూతకి ముందే అరక కట్టి, ఎండ చురుక్కుమనేలోపు విప్పేవాళ్ళు. కాయ కోసేవాళ్ళదీ అదే వేళ. ఇప్పటికీ మంచి మేస్త్రి చల్లపూటే చిక్కం వేస్తాడు.

తిరునాళ్ళ పందేనికి వచ్చేవి కూడా ఆ ఎడ్లే. ఏడాది పొడుగునా దున్ని, బండి లాగి, మాఘ ఫాల్గుణాల్లో పొలం పని తీరికయ్యాక బరిలోకొచ్చేవి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళకి మునేటి ఒడ్డున దిగిన బండ్లని చూస్తే, ఆ ఎడ్ల మెడల మీద కాడి కాయలు కాచి ఉండేవి. దమ్ము వాటికి పనిలో వచ్చింది. మా ఊరి పందెం వేగుచుక్కతో మొదలయ్యేది. పిల్లలం దుప్పట్లు కప్పుకుని గట్టు మీద కూచునేవాళ్ళం. ఎండ ముదిరేలోపు ఆ పూట జతలు అయిపోయేవి. మిగిలిన జతలు పొద్దు వాలాక.

ఇప్పటి గిత్తలు వేరు. వీటిలో చాలా వాటికి అరక తెలియదు, ట్రాక్టరొచ్చాక తెలియాల్సిన పనీ లేదు. లక్షలు పోసి కొంటున్నారు. ఉలవలు, తవుడు, తెలగపిండి పెట్టి, ఫ్యాన్ల కింద కట్టేసి సాకుతున్నారు. అలా సాకేవాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళే లేకపోతే ఒంగోలు జాతిని మన ఊళ్ళల్లో ఈపాటికి బొమ్మల్లో చూసుకోవాల్సి వచ్చేది. మన ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్ళి నెలోర్ పేరుతో అక్కడ మందలు మందలయ్యాయి. ఒంగోలు దగ్గరి కరవది నుంచి 1962లో వెళ్ళిన గిత్త పేరు ఆ దేశంలో నేటికీ చెప్పుకుంటారు. ఆ జాతి ఎండకి ఓర్చుకుంటుంది, నిజమే. గంగడోలు, వదులు చర్మం వేడిని వదిలించుకోవడానికి సాయపడతాయి. కానీ నీడన మేస్తూ ఎండకి ఓర్చుకోవడం వేరు, క్వింటాళ్ళ బండతో 20 నిమిషాలు ఆగకుండా తిరగడం వేరు. బరువు లాగే ఒంట్లోంచి కూడా వేడి పుడుతుంది. రెండు వేళ్ళ మందాన నురగ కారుతున్న మూతిని పట్టుకుని, నెత్తిన బిందెతో నీళ్ళు గుమ్మరిస్తే అది తీరేది కాదు.

ఒక్క మేలు జరిగింది, అది చెప్పకపోతే అన్యాయం. నా చిన్నప్పుడు మేకు బిగించిన ముల్లుకర్ర చేతిలో లేని తోలేవాడు అరుదు. ఎద్దు వెనక భాగాన రక్తం కనపడేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఇప్పుడు మంచి కమిటీలు ఆ కర్రని బరిలోకి రానివ్వడం లేదు, పశువుల డాక్టరుని పిలిపించి కూచోబెడుతున్నాయి. ఇది మా రోజుల కన్నా నూరుపాళ్ళు నయం.

అయితే వేళ సంగతే పట్టించుకోరు. బరువులు లాగే పశువుల గురించి 1965లోనే కేంద్రం నిబంధనలు చేసింది. రోజుకి మొత్తం తొమ్మిది గంటలు మించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా ఐదు గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే ఎండ ఉన్నచోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదు. బండి తోలే పేదవాడికే ఆ హద్దు పెట్టారు. ప్రైజు కోసం లాగించే మనకి అంతకన్నా కఠినమైన హద్దు ఉండాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్ల పందేలనీ ఆపమన్నప్పుడు మన రచ్చబండల మీద పెద్ద గొడవే జరిగింది. 2023 మేలో అదే కోర్టు తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలు చెల్లుతాయంది, అప్పుడు సంబరాలు చేసుకున్నారు. రెండుసార్లూ నేను ఒకటే అడిగాను: ఎడ్లకి నొప్పి కలగకుండా చూసుకోవడానికి మనకి కోర్టు చెప్పాలా? ఎవరూ జవాబివ్వలేదు. డ్రోను ఎక్కడ ఎగరెయ్యాలి, యూట్యూబ్ లైవ్ ఎవరికివ్వాలి, డీజే బాక్సులు ఎన్ని పెట్టాలి, వీటి మీద మాత్రం గంటలకొద్దీ వాదించుకుంటారు. ఆ డీజే మోతకి కొత్త గిత్త బెదిరి కాడి తెంచుకోబోవడం నా కళ్ళతో చూశాను.

నేనడిగేది పెద్దదేమీ కాదు. తెల్లవారుజామున ఐదింటికి మొదటి జత గీత మీదుండాలి. తొమ్మిది కొట్టేసరికి ఎవరి వంతు మిగిలినా ఆపెయ్యాలి. మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాత, కావాలంటే దీపాల వెలుగులో. అతిథుల ఉపన్యాసాలకి మధ్యాహ్నమంతా ఖాళీయే, పందిరి కింద చల్లగా కూచుని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. ఏప్రిల్ పదో తారీకు దాటాక అసలు పందెమే పెట్టొద్దు. మంచు చెడిపోయాక కొండ మూసేసినట్టు మనమూ బరి మూసెయ్యాలి.

ఏటా ఫాల్గుణంలో కమిటీ కుర్రాళ్ళు చందా పుస్తకం పట్టుకుని మా ఇంటికొస్తారు. మా నాన్న ఇచ్చేవాడు, నేనూ ఇస్తున్నాను. ఈసారి మాత్రం ముందు కరపత్రం చూపించమంటాను. మొదటి జత ఎన్నింటికో, ఎండపూట ఎన్నింటికి ఆపుతారో అందులో అచ్చయి ఉంటేనే నా పేరు రాసుకోవాలి.