పూడ్చడానికో మనిషి

1862లో మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లేసరికి, బోస్టన్‌లోని బాప్టిస్టు మిషన్ పెద్దలు తెలుగు మిషన్ మూసేద్దామనే ఆలోచనలో ఉన్నారు. వాళ్లను తప్పుపట్టలేం. 1836లో మొదలైన పని. పక్కన బర్మాలో ఇదే మిషన్‌లోకి కరెన్లు వేలల్లో వస్తున్నారు, నెల్లూరులో మాత్రం చెప్పుకోదగ్గ సంఘమే లేదు. 1853లో ఆల్బనీలో జరిగిన మిషన్ సభలోనూ ఈ మాట లేచి, ఎలాగో ఆగింది.

జ్యూయెట్ ఒప్పుకోలేదు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు మోకరించారు. ఆయనా, భార్యా, ముగ్గురు తెలుగు విశ్వాసులూ. ఈ ఊరికి ఒక మనిషిని పంపు ప్రభువా అని అడిగారు. ఎనిమిదేళ్లు గడిచినా ఎవరూ రాలేదు. జవాబు రాని ప్రార్థనను వదిలేస్తే ఎంత సుఖమో చేసినవాళ్లకు తెలుసు. ఆయన వదల్లేదు. బోస్టన్ పెద్దలతో, మీరు పంపకపోతే నేనొక్కణ్ణే పోతాను, అక్కడే పోతాను అని భీష్మించాడు.

మిషన్ కార్యదర్శి చివరికి నవ్వి అన్నాడట: సరే, నీతో ఒకణ్ణి పంపాలి, ఆ దేశంలో నిన్ను క్రైస్తవ పద్ధతిలో పూడ్చడానికైనా ఒక మనిషి ఉండాలిగా!

అలా తోడొచ్చినవాడు జాన్ క్లౌ. సర్వే పని తెలిసిన కుర్రవాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు.

పదేళ్లకు ధాత కరువు వచ్చింది. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల తవ్వకం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగపల్లెలకు పని చూపించాడు. పొద్దంతా తవ్వి, సందెవేళ బోధ విని, బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. ఇవ్వనన్నాడు. ఒకరికీ ఇద్దరికీ కాదు, అందరికీ. ఏడాదికి పైగా! ఆయన బతుకులో అసలు పోరాటం ఇదేనని నా ఉద్దేశం. మనుషుల కోసం ఏళ్లతరబడి ఏడ్చిన మిషన్, మనుషులు గుంపులుగా వచ్చి నిలబడితే తలుపేసుకుంది. వీళ్లు గంజి కోసం వచ్చారా, క్రీస్తు కోసం వచ్చారా? ఎవరి మనసులోకి తొంగిచూసి తేలుస్తాం? తన ప్రార్థన ఫలించిందనుకోవడానికి కూడా భయపడ్డ విశ్వాసం అది. కరువు తగ్గుముఖం పట్టాక, ఇక పనీ లేదు, డబ్బూ లేదు, వెళ్లమన్నాడు. వెళ్లలేదు. మేం డబ్బు అడగడం లేదు దొరా, బాప్తిస్మమే అడుగుతున్నాం అన్నారు. ఇక కాదనలేకపోయాడు.

బాప్టిస్టులు నీళ్లు చల్లరు, నిలువునా ముంచుతారు. పౌలు రోమీయులకు రాసినదాన్ని బట్టి, అలా నీళ్లలోకి దిగడమంటే క్రీస్తుతో కూడా పాతిపెట్టబడటమే.

1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు దిగారు. ఒకసారికి ఇద్దరు, అలిసిపోతే మరో ఇద్దరు. క్లౌ దొర ముంచలేదు, నిలబడి చూశాడు. సాయంత్రానికి లెక్క తేలింది. పూడ్చడానికని పంపిన మనిషి కళ్లముందు, ఒక్కరోజులో 2,222 మంది.

ఎవరిని పూడ్చడానికి వచ్చాడో ఆ జ్యూయెట్ దొర మాత్రం నిక్షేపంలా ఉన్నాడు. 1897 దాకా బతికి, అమెరికాలో కన్నుమూశాడు.