పిల్లికూతలు ఆగితే

మా మనవరాలు మూడు నెలలుగా లాప్‌టాప్ ముందునుంచి లేవడం లేదు. బీఎస్సీ నర్సింగ్ పాసై, హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తూ, అమెరికా వెళ్ళడానికి ఎన్‌క్లెక్స్ అనే నర్సుల పరీక్షకి చదువుతోంది. నైట్ డ్యూటీ దిగి వచ్చి, రెండు ముద్దలు తిని, కాసేపు కునుకు తీసి, మళ్ళీ ప్రశ్నల మీద పడుతుంది. రోజుకు డెబ్బై అయిదు ప్రశ్నలు చెయ్యాలట. దాని కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. మా రోజుల్లో నర్సు పరీక్ష అంటే ముందు చేతులకు పరీక్ష.

నేను 1974లో జనరల్ నర్సింగులో చేరాను. కోస్తాలో ఒక పెద్దాసుపత్రి. మూడేళ్ళ పైచిలుకు ట్రైనింగ్. తలమీద టోపీ పెట్టిన మర్నాడే వార్డులోకి పంపారు. నలభై మంచాల వార్డుకి రాత్రిపూట ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరం స్టూడెంట్లం. మంచాలు చాలక చాపల మీద ఇంకో పదిమంది ఉండేవాళ్ళు. పగలు క్లాసులో విన్నది రాత్రికి ఎదురుగా పడుకుని మూలిగేది.

ఫైనల్ ప్రాక్టికల్స్‌కి బయటి ఊరినుంచి ఒక పెద్దావిడ ఎగ్జామినర్‌గా వచ్చారు. నన్ను ఇంజెక్షన్ ట్రే సర్దమన్నారు. అప్పుడన్నీ గాజు సిరంజీలు. పై గొట్టం మీదా లోపలి పిస్టన్ మీదా ఒకే నంబరు ఉండాలి. జత మారిందా, మందు వెనక్కి కారిపోతుంది. రెండూ విడదీసి, గుడ్డ చుట్టి మరిగించాలి. సూదులు పదేపదే వాడేవి కాబట్టి, మరిగించే ముందు ఒక్కోదాన్నీ దూది మీద గీసి చూడాలి. మొన వంగి ఉంటే దూదిపోగు తగులుకుంటుంది. ఆ సూది రోగి ఒంట్లో దిగితే కండ చీరుకుంటూ బయటికొస్తుంది. నేను గీస్తుంటే రెండో సూదికి సన్నటి పోగు అంటుకుంది. సానపట్టాల్సినవాటిలో దాన్ని పడేశాను. ఆవిడ ఒక్క మాటా అనలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ రోజు నేను పాసయ్యానని నాకు అక్కడే తెలిసిపోయింది.

ప్రసూతి వార్డు సంగతి వేరే చెప్పాలా? ఇరవై కాన్పులు మా చేతుల మీద జరగాలి. ప్రతి కాన్పునూ కేసు బుక్కులో రాయాలి. బిడ్డ ఎప్పుడు ఏడ్చింది, బరువెంత, మాయ పూర్తిగా వచ్చిందా, ముక్క ఏమైనా లోపల మిగిలిందా? కింద సిస్టర్ సంతకం లేకపోతే పరీక్ష హాలులోకి రానిచ్చేవాళ్ళు కాదు.

అప్పుడంతా ధర్మంగా జరిగిందని చెప్పను. నా రూమ్మేటు నాకన్నా ఎక్కువ కాన్పులు చేసింది. వైవాలో ఇంగ్లీషు నోరు తిరగక తడబడితే, తెలుగులో చెప్తానని బతిమాలినా వినకుండా ఫెయిల్ చేశారు. ఆ పిల్ల మళ్ళీ ఆరు నెలలు హాస్టల్లో కుమిలింది. ఆ అన్యాయం నేనిప్పటికీ మరిచిపోలేదు. కంప్యూటర్‌కి అలాంటి కోపతాపాలుండవు, అది మంచిదే.

ఈ ఎన్‌క్లెక్స్ పద్ధతి మనవరాలు నాకు విడమరిచి చెప్పింది. అయిదు గంటల సమయం. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. సరిగ్గా చెప్తే తర్వాతి ప్రశ్న కాస్త కష్టంగా, తప్పితే కాస్త తేలిగ్గా వస్తుంది. ఈ పిల్ల నిలబడగలదనో లేదనో 95 శాతం నమ్మకం కుదిరితే కంప్యూటర్ అక్కడే ఆపేస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి కేసు స్టడీలు కూడా చేర్చారు, ఒకే రోగి మీద వరసగా ఆరు ప్రశ్నలు. ఫీజు 200 డాలర్లు, అమెరికా బయట రాస్తే పైన ఇంకో 150. తప్పితే 45 రోజులు ఆగాలి.

సెంటర్లో అరచేతిలోని నరాలు స్కాన్ చేసి మరీ లోపలికి పంపుతారట. చేతిని అంత శ్రద్ధగా చూసేవాళ్ళు, ఆ చెయ్యి నాడి పట్టగలదో లేదో చూడరు. అదంతా కాలేజీలోనే నేర్చుకుని వచ్చి ఉంటారని వాళ్ళ నమ్మకం. నా బాధంతా అక్కడే. మా మనవరాలి కాలేజీకి సొంత ఆసుపత్రి లేదు. బస్సులో తీసుకెళ్ళి ప్రభుత్వాసుపత్రిలో దింపేవాళ్ళు. అప్పటికే అక్కడ ఇంకో మూడు కాలేజీల పిల్లలు. ఒక్క కాన్పు చుట్టూ పదిహేనుమంది నిలబడితే వెనక వరసలో ఉన్నదానికి ఏం కనపడుతుంది? రికార్డు మాత్రం నిండిపోయేది. ఈ పిల్లల నాలుగేళ్ళు అలా తినేసినవాళ్ళని నేను క్షమించలేను.

మొన్న ఒక ప్రశ్న నాకు చదివి వినిపించింది.

"నలుగురు పేషెంట్లు అమ్మమ్మా. ఒకాయన ఆపరేషన్ నొప్పికి అరుస్తున్నాడు. ఒకావిడకి షుగర్ 220. ఒకాయన డిశ్చార్జి కాగితాలకి గొడవ చేస్తున్నాడు. నాలుగో అతనికి ఉబ్బసం, గంట క్రితం పిల్లికూతలు వినిపించాయి, ఇప్పుడు లేవు. ముందెవరి దగ్గరికి వెళ్తావు?"

"నాలుగోవాడి దగ్గరికి పరుగెత్తవే!" అన్నాను.

"కరెక్ట్. ఊపిరి ముందు, అదీ రూలు" అంది.

నాకు రూలు గుర్తుకు రాలేదు. 1976 వానాకాలంలో ఒక రాత్రి గుర్తొచ్చింది. పొగాకు గోడౌను కూలీ ఒకతను, సాయంత్రం నుంచీ అతని పిల్లికూతలు వార్డు చివరిదాకా వినపడుతూనే ఉన్నాయి. రెండు గంటలప్పుడు అవి ఆగాయి. పాపం నిద్రపట్టింది కాబోలు అనుకున్నాను. అవతలి కొసన టీ తాగుతున్న స్టాఫ్ నర్సు గ్లాసు కింద పెట్టేసి పరుగెత్తింది. నేను వెనక వెళ్ళేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి, ఛాతీ కదలడం లేదు. ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకొచ్చాను, డ్యూటీ డాక్టరు వచ్చి అమినోఫిల్లిన్ నరానికి ఇచ్చారు. తెల్లారేసరికి కూతలు మళ్ళీ మొదలయ్యాయి. "తగ్గి ఆగలేదే పిల్లా, గాలి ఆడక ఆగాయి" అంది స్టాఫ్ నర్సు.

"నువ్వెప్పుడైనా విన్నావా?" అని మనవరాలిని అడిగాను. క్లాసులో హెడ్‌ఫోన్స్ పెట్టి రికార్డింగు వినిపించారట. డ్యూటీలో మానిటర్ మోగితే వెళ్ళి చూస్తారట.

వాళ్ళ తాతయ్యకి నాలుగు రోజులుగా ఆయాసం. లాప్‌టాప్ మూయించి, దాని స్టెతస్కోపు దాని చేతికే ఇచ్చి, ఆయన్ని ముందుకు వంచి కూర్చోబెట్టాను. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. వీపు మీద ఒక్కోచోటా ఆగి, కుడిదీ ఎడమదీ పోల్చి చూసుకుంది.

"పైన బాగా వినపడుతున్నాయి అమ్మమ్మా. కుడివైపు అడుగున బాగా తక్కువ."

"నెబ్యులైజర్ పెట్టు. పావుగంటాగి మళ్ళీ అక్కడే విను" అన్నాను.