బహుగృహమేధి

గృహమేధి యనగా ఒక యిల్లు, ఒక యిల్లాలు, వేళకు వచ్చు నలుగు రతిథులు గలవాడని మన పెద్దలు తలచిరి. కాని మా మియాపూరునకు మెట్రోరైలు వచ్చిన 2017వ సంవత్సరము తరువాత, ఇల్లా లొక్కతెయే యైనను ఇండ్లు మాత్రము మూడు గలిగి, ఆ మూటిలో దేనియందును తాను నివసింపక, మూడు వీధుల కవతల నొక అద్దెయింట కాపురముండు నూతనజాతి మహాపురుషు డుద్భవించినాడు. అట్టివానికి బహుగృహమేధి యని నేను పేరు పెట్టితిని. నే నాయన మూడవ ఫ్లాటులో అద్దెకుండువాడను గావున, మాసమున కొకమారైనను ఆయన దర్శనభాగ్యము నాకు గలదు.

ఆ మూడవ ఫ్లాటు జన్మవృత్తాంతము వినదగినది. 2020లో దాని వెల 75 లక్షలు. నూటికి ఎనుబది వంతున 60 లక్షలు బ్యాంకువా రిచ్చిరి. తక్కిన 15 లక్షలును పీఎఫు ఖాతాను అడుగంట నూడ్చి తెచ్చెను. రిజిస్ట్రేషను ఖర్చు గృహఋణములో కలియదు గనుక, నాటి లెక్కన నూటికి ఆరు చొప్పున నైన నాలుగున్నర లక్షల కొరకు ధర్మపత్ని మెడలోని కాసులపేరు మరియొక బ్యాంకులో కాపురమునకు వెళ్లెను. ఏడు శాతము వడ్డీపై ఇరువదియేండ్లకు ఈఎమ్ఐ 46,500. మొదట నే నిచ్చిన అద్దె 20,000. "అద్దే అప్పు తీరుస్తుంది సార్" అనునది ఆయన మహావాక్యము. మిగిలిన ఇరువదియారువేల ఐదువందలు ఎవరు తీర్తురని యడుగుట మర్యాద గాదు. నే నొకసారి యడిగి, కాఫీ చల్లారువరకు ఉపన్యాసము వింటిని.

ఆ యుపన్యాససారము: నష్టమే లాభము. పాతపద్ధతి ఆదాయపుపన్నులో, అద్దె నుండి ముప్పదిశాతము మరమ్మతుల పేర తీసివేసి, మిగిలినదాని నుండి వడ్డీని తీసివేయగా తేలు నష్టమును ఏటేట 2 లక్షల వరకు జీతములో తగ్గించి చూపవచ్చునట. మరమ్మతు చేసినను చేయకున్నను ఆ ముప్పదిశాతము దక్కునని తెలిసిననాటి నుండి నా వంటింటి కుళాయి కారుచునే యున్నది.

ఆయన పంచాంగమున సంవత్సరమునకు నెలలు పదునొకండే. 1908నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము కౌలుపత్రమును రిజిస్టరు చేయించు పనిని తప్పించుకొనదలచి, పదునొకండవ నెల నిండగనే క్రొత్త యగ్రిమెంటు, క్రొత్త అద్దెతో ప్రత్యక్షమగును.

రైతు మృగశిరకార్తె కొరకు చూచినట్లు ఆయన రిజర్వుబ్యాంకువారి రెపోరేటు కొరకు చూచుచుండును. 2020 మే నెలలో అది 4 శాతమునకు దిగినపుడు మిఠాయి పంచెను. 2022 మే మొదలు అది మెట్టుమెట్టుగ నెక్కి, మరుసటి ఫిబ్రవరికి ఆరున్నర చేరగా, దానితో ముడివడిన ఆయన వడ్డీయు నట్లే పెరిగెను. ఈఎమ్ఐ మార్పక కాలమునే పెంచెదమని బ్యాంకువారు లెక్క వేయగా, పదునెనిమిదేండ్లలోపల తీరవలసిన అప్పు ముప్పదియేండ్లు దాటిపోయెను. అప్పటికి ఆయన వయస్సు నలుబదియెనిమిది. ఎనుబదియేండ్ల వరకు ఉద్యోగము చేయుమని దీవింపజాలక బ్యాంకువారు ఈఎమ్ఐనే పెంచిరి.

ఆనాటి నుండి నా యారోగ్యముపై ఆయనకు గలిగిన శ్రద్ధ నా తోబుట్టువులకు సైతము లేదు. ఒకటవ తేదీ యుదయముననే వచ్చి, "ఒంట్లో కులాసాగా ఉందా సార్? ఆఫీసులో ఎవర్నీ తీసెయ్యట్లేదు కదా?" యని యడుగును. నేను తుమ్మితినా, మిరియాల కషాయ మాయన యింటి నుండి వచ్చును. యజమానికి అద్దెకున్నవాడు భయపడు కాలమును నే నెరుగుదును. ఇది మరియొక కాలము.

మొన్న ఒకటవ తేదీని, సొంతయిల్లు కొనవలెనని యోచించుచున్నామని నోరుజారితిని. ఆయన ముఖమున నెత్తురుచుక్క లేదు. క్షణములో తేరుకొని, జేబులోని పెన్ను తీసి, మా పేపరు అంచున లెక్కలు వేయుచు, "కొనండి సార్, తప్పకుండా కొనండి. కొని, అద్దెకిచ్చెయ్యండి. మీరు మాత్రం ఇక్కడే ఉండండి. సొంతింట్లో ఉంటే అద్దె ఎవడిస్తాడు?" అనెను.

మరునాడు తెల్లవారకమునుపే తలుపు తట్టిన చప్పుడైనది. తీసి చూతునుగదా, ప్లంబరు. వాని వెనుక, చేత క్రొత్త కుళాయితో, ఆయన.