రెండర్‌లో చేరే నాయిస్‌కు బహిరంగ లేఖ

నాయిస్‌కు,

ఇంటీరియర్ పని చేసేవాళ్లందరి తరఫునా నీతో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. కొత్త కంప్యూటర్ వస్తే నీ పీడ విరగడవుతుందని మాలో చాలామంది నమ్ముతారు. అప్పు చేసి మరీ గ్రాఫిక్స్ కార్డు కొంటారు. తీరా గది బొమ్మ రెండర్ అయ్యాక చూస్తే సోఫా వెనక గోడమీద, బీరువా పక్క మూలలో, లాఫ్ట్ కింద ఇసుక జల్లినట్టు మళ్లీ నువ్వే. పని తొందరగా అయింది, అంతే. చుక్కలు అవే.

నీ పుట్టుక తెలిస్తే గాని నిన్ను వదిలించుకోలేం. 1986లో జేమ్స్ కజియా రెండరింగ్ సమీకరణంతో పాటు దాన్ని సాధించే దారీ చూపించాడు. ప్రతి పిక్సెల్ నుంచి కిరణాల్ని తోచిన దిక్కుకల్లా పంపి, అవి తెచ్చిన వెలుగుకు సగటు తీయాలి. కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు వెలుగు ఇట్టే దొరుకుతుంది. లాఫ్ట్ కింద నుంచి బయల్దేరిన కిరణాల్లో కిటికీ దాకా చేరేవి ఏ కొన్నో. పక్కపక్క పిక్సెల్స్‌లో ఒకదానికి వెలుగు చిక్కుతుంది, ఇంకోదానికి చిక్కదు. ఆ తేడాయే నువ్వు. నిన్ను సగం చేయాలంటే శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్ నుంచి పంపే కిరణాలు, నాలుగింతలు కావాలి, పావు చేయాలంటే పదహారింతలు. ఎంత ఖరీదైన మెషీనైనా ఈ లెక్కను మార్చలేదు.

పైగా కొన్న కార్డు పనిలోకి దిగిందో లేదో చూసుకోవాలి. బ్లెండర్‌లో ప్రిఫరెన్సెస్‌లో కార్డుకు టిక్ పెట్టి, సీన్‌లోనూ జీపీయూ కంప్యూట్ అని మార్చేదాకా దాని రెండర్ ఇంజన్ సైకిల్స్ భారమంతా ప్రాసెసరే మోస్తుంది. ఇంటి ప్లాన్లు గీసే స్వీట్ హోమ్ త్రీడీలో ఫొటో నాణ్యతకు నాలుగు మెట్లుంటే, పై రెండింటిలో రే ట్రేసింగ్ జరిగేది ప్రాసెసర్ మీదే. అక్కడ పెద్ద కార్డు అక్కరకు రాదు. డబ్బు కట్టకముందే తెలియాల్సిన సంగతి ఇది.

నువ్వు నన్ను ఎక్కువ బాధపెట్టేది పూజగదిలో. దీపం వెలుగుతూ కనబడాలని ఇంటావిడ అడుగుతారు. అడగడం న్యాయమే. చిన్న జ్వాల, పక్కనే మెరిసే ఇత్తడి కుందులు, వెనక పాలిష్ మార్బుల్. ఇత్తడి మీద పడి గోడకు చేరిన వెలుగు జాడ ఏ కిరణానికో అరుదుగా తగులుతుంది. తగిలిన ఆ ఒక్క పిక్సెల్ తెల్లగా పేలిపోతుంది. ఫైర్‌ఫ్లైస్ అంటాం వాటిని. వెలుగుకు హద్దు పెట్టే క్లాంప్ బిగిస్తే పోతాయి గాని, ఇత్తడి తళుకూ కొంత చస్తుంది. అందుకే జ్వాలను కంటికి కనబడేంత వరకే ఉంచి, గదికి వెలుగిచ్చే పనిని దాని పైన పెట్టిన వెడల్పాటి ఏరియా లైటుకు అప్పజెబుతాను. హాల్లోనైతే వెలుగు వచ్చే దారి కిరణాలకు చూపే పోర్టల్స్ కిటికీలకు పెడతాను. తెల్లగోడలకు నూటికి నూరుపాళ్ల తెలుపు ఇవ్వను, ఎనభై దగ్గర ఆపుతాను.

ఇంటెల్ 2019లో నిన్ను తుడిచే ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చింది. మాకు గొప్ప మేలే అది. అయితే శాంపిల్స్ పొదుపు చేసి మొత్తం దాని నెత్తిన వేస్తే, నీకూ గ్రానైట్ గింజకూ తేడా పోల్చుకోలేక రెంటినీ కలిపి అలికేస్తుంది. వంటింటి ప్లాట్‌ఫాం గింజ లేని బూడిదరంగు పలకవుతుంది. టేకు లామినేట్ మీది గీతలు చెరిగిపోతాయి. వస్తువుల అసలు రంగు చెప్పే ఆల్బెడో, వాటి ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే నార్మల్ పాస్‌లు కూడా అందిస్తే చాలావరకు నిలుస్తాయి, అన్నీ నిలవవు.

ఆ బొమ్మ చూసే ఒక కుటుంబం లామినేట్ నంబరు ఖాయం చేస్తుంది, గ్రానైట్ కొట్లో అడ్వాన్సు ఇస్తుంది. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు. వాళ్ల చేతికి అలికిన బొమ్మ ఇవ్వను. రాత్రంతా మెషీన్ నడిచినా సరే, ముందు శాంపిల్స్‌తోనే నిన్ను పల్చన చేస్తాను. మిగిలిన కాస్తకే డీనాయిజర్. గ్రానైట్ గింజను ముట్టుకోకుండా నువ్వు ఖాళీ చేయాలి.

ఇట్లు,
ఒక ఇంటీరియర్ డిజైనర్